మచ్చ ఎటువైపు ఉంది: మైక్రోస్కోప్‌లు బాగుచేసిన ఉద్యోగం

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. మైక్రోస్కోప్ పాడైందని ఫోన్ వచ్చిన చాలాసార్లు అందులో పాడైందేమీ ఉండదు. లెన్స్ మీద వేలిముద్ర ఉంటుంది. పెద్ద పవర్‌లో చూసేందుకు స్లైడ్ మీద వేసిన నూనె అంటుకుని ఎండిపోయి ఉంటుంది. ఎవరో తిప్పకూడని మర తిప్పి ఉంటారు. లేదంటే మనిషికీ యంత్రానికీ మధ్య ఎక్కడో చిక్కు పడి ఉంటుంది. అది ఎటువైపు పడిందో తేల్చడమే మన ఉద్యోగం. మరమ్మతు ఆ తర్వాత వచ్చే చిన్న పని.

నేను ఇల్లినాయ్‌లోని అరోరాలో ఉంటూ, అక్కడి నుంచి కింద ఆర్కన్సా దాకా ఆసుపత్రుల్లోనూ కాలేజీల్లోనూ మైక్రోస్కోప్‌లు బాగుచేశాను. రిటైరై ఎంతో కాలం కాలేదు. మా పాత కంపెనీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మాన్యువల్‌లో ఉన్నవి నేను చదువుకుంటాను. లేనివి మీరు చెప్పండి" అంది. ఫోన్లో చెప్పబోతే మాట ఎటెటో పోయింది. అందుకే రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ఏ పదవి వచ్చిందన్నది ఇందులో ఉండదు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గాలిలో నిలిచిన బొమ్మ

నాకు పని నేర్పింది వాల్టర్. నేను చేరేనాటికే పెద్దవాడు. వయసులో ఉండగా లెన్సులు సానపట్టిన మనిషి కాబట్టి గాజు గురించి చేతులతో తెలుసు. మొదటి రోజు నాకు స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. రెండు విడి లెన్సులూ, ఒక పల్చటి ట్రేసింగ్ కాగితం ముక్కా ఇచ్చి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

మొదటి లెన్స్‌ని కిటికీ వైపు పట్టుకుని, దాని వెనక కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపమన్నాడు. ఒకచోటికి వచ్చేసరికి బయటి పార్కింగ్ స్థలమంతా కాగితం మీదికి దిగింది. కార్లు, దీపస్తంభం, ఆకాశం, అన్నీ గోరంత, అన్నీ తలకిందులు.

"ఇప్పుడు రెండో లెన్స్‌తో ఆ బొమ్మని చూడు" అన్నాడు.

భూతద్దంతో పేపరు చదివినట్టు కాగితం వెనక నుంచి చూశాను. కార్ల నంబరు ప్లేట్ల దాకా తెలుస్తున్నాయి. నేను అలా చూస్తూ ఉండగానే చెయ్యి చాచి మధ్యలోంచి కాగితం లాగేశాడు. బొమ్మ పోలేదు. అక్కడే, గాలిలో, మునుపటికన్నా వెలుతురుగా నిలిచి ఉంది.

"నువ్వు చూస్తున్నదే టెలిస్కోప్. ఇంతకుమించి అందులో ఏమీ లేదు" అన్నాడు వాల్టర్.

తర్వాత లెన్సులు మార్చాడు. ఈసారి చాలా చిన్నది, గుండ్రంగా ఉబ్బిన లెన్స్ ఒకటి పట్టుకుని, దానికి బాగా దగ్గరగా పేపరు ముక్క పెట్టాడు. ఇప్పుడు వెనక గాలిలో నిలిచిన బొమ్మ అసలు అక్షరం కన్నా పెద్దది. ఆ పెద్ద బొమ్మని మళ్ళీ రెండో లెన్స్‌తో చూడమన్నాడు. అది మైక్రోస్కోప్. రెండింటిలోనూ పని ఒకటే. వస్తువు వైపు ఉన్న లెన్స్ గాలిలో ఒక బొమ్మని నిలబెడుతుంది. కంటి వైపు ఉన్న లెన్స్, అంటే ఐపీస్, ఆ బొమ్మని దగ్గర నుంచి చూడనిస్తుంది. దూరంగా ఉన్న చంద్రుడైతే మొదటి బొమ్మ చంద్రుడికన్నా ఎంతో చిన్నది. దగ్గరగా ఉన్న కణమైతే మొదటి బొమ్మ కణం కన్నా పెద్దది. తేడా అంతవరకే.

"దగ్గర నుంచి చూడనిస్తుంది" అన్న మాట కావాలనే వాడాను. లెన్స్ వస్తువుని పెద్దది చేయదు. ఏదైనా బాగా కనిపించాలంటే మనం దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంటాం. కానీ జానెడు దూరం లోపలికి వస్తే మన కన్ను తట్టుకోలేదు, మసకేస్తుంది. మిగిలిన వంపు పని లెన్స్ చేసిపెడుతుంది. కిరణాలని అదే వంచి ఇస్తుంది కాబట్టి, వస్తువు ముక్కు దగ్గర ఉన్నా కంటికి స్పష్టంగా అందుతుంది. దగ్గరైన కొద్దీ అది మన చూపులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాన్నే మనం పెద్దగా కనిపించడం అంటున్నాం.

వాల్టర్ నేర్పిన రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందన్నది ఒక సంగతి. ఎంత వివరం కనిపిస్తుందన్నది వేరే సంగతి. రెట్లు పెంచడం సులువు. వెనక లెన్స్ మార్చితే సరిపోతుంది. వివరం మాత్రం ముందు లెన్స్ పోగుచేసిన వెలుగులో ఎంత ఉంటే అంతే. గాలి ఊదని రబ్బరు బుడగ మీద పెన్నుతో ఒక వాక్యం రాసి ఊదండి. అక్షరాలు పెద్దవవుతాయి. కొత్త అక్షరం ఒక్కటి కూడా పుట్టదు. ఇంకా ఊదితే ఉన్న సిరా కూడా వెలిసిపోతుంది.

ఇంత బాగా నేర్పిన మనిషి కస్టమర్ల దగ్గర మాత్రం పనికొచ్చేవాడు కాదు. లెన్స్ మీద నూనె మరక కనిపిస్తే ఎదుట ఎవరున్నారని చూడకుండా, "దీన్ని వంటగిన్నెలా వాడారు" అనేవాడు. ఆయన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఆ ల్యాబ్ వాళ్ళు మరక పడితే మమ్మల్ని పిలవడం మానేసి, దాచిపెట్టడం మొదలుపెట్టేవాళ్ళు. నిజం చెప్పడం మాత్రమే చాలదని ఆయన వెనక పెట్టె మోస్తూ తెలుసుకున్నాను.

తిరగబడిన స్లైడ్

ఒక చిన్న కాలేజీ నుంచి బయాలజీ ప్రొఫెసర్ ఫోన్ చేసింది. తక్కువ పవర్‌లో అంతా బాగుంది, ఎక్కువ పవర్‌కి వెళితే ఫోకస్ అవడం లేదు, లెన్స్ పోయింది, పరీక్షలు దగ్గరపడ్డాయి అంది. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి చేరాను. మొక్కజొన్న చేల మధ్య తిన్నని రోడ్డు, రేడియో, గ్యాస్ స్టేషన్ కాఫీ. ఈ ఉద్యోగంలో ఎక్కువ భాగం అదే.

వెళ్ళి చూస్తే స్లైడ్ తిరగేసి ఉంది.

కారణం చెబుతాను. మనం చూసే పదార్థం స్లైడ్ అనే మందపాటి గాజు పలక మీద ఉంటుంది. దాని మీద కాగితమంత పల్చని గాజు రేకు కప్పుతారు. తక్కువ పవర్ లెన్స్ పలకకి ఎడంగా నిలబడి చూస్తుంది కాబట్టి పలక ఎటు తిప్పి పెట్టినా దానికి పట్టదు. ఎక్కువ పవర్ లెన్స్ దాదాపు పలకని ఆనుకుని నిలబడాలి. దాన్ని తయారుచేసేటప్పుడే మధ్యలో ఆ పల్చటి రేకు ఒక్కటే ఉంటుందని లెక్కగట్టి చేస్తారు. పలక తిరగబడితే మధ్యలోకి మందపాటి గాజు వస్తుంది. లెన్స్ ముందుకి వెళ్ళాలి, గాజు అడ్డం. ఎంత తిప్పినా ఫోకస్ రాదు.

ల్యాబ్‌లో విద్యార్థులు నిలబడి చూస్తున్నారు. వాల్టర్ అయితే ఏమనేవాడో నాకు తెలుసు. నేను విద్యార్థుల వైపు తిరిగి, "ఇది ఎందుకు ఫోకస్ కావడం లేదో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాను. కాసేపటికి ఒకరు స్లైడ్ తిప్పి పెట్టారు. ప్రొఫెసర్ గట్టిగా నవ్వింది. "నా ప్రాణానికి ఇవాళ మంచి పాఠం" అని, ఆ రోజు క్లాసు అక్కడి నుంచే మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు చిన్న అనుమానం వచ్చినా నాకే ఫోన్ చేసేది. చాలాసార్లు ఫోన్‌లోనే తేలిపోయేది.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. పరికరం ముట్టుకోకముందు, వాడేవాళ్ళని కూర్చోబెట్టి, మీకు ఏం కనిపిస్తోందో చూపించమని అడగండి. వాళ్ళు చెప్పేది వినండి. వాళ్ళ చేతుల వైపు, మెడ వైపు కూడా చూడండి. మన కంపెనీల్లో మేనేజర్లకి ఇది సమయం వృథాగా కనిపిస్తుంది. వాళ్ళ మాట వినకండి. విన్నట్టు తల ఊపితే చాలు.

గుడి పార్కింగ్‌లో టెలిస్కోప్

నా ఉద్యోగం మైక్రోస్కోప్‌లతోనే అయినా, టెలిస్కోప్ కొన్న ప్రతి తెలుగు కుటుంబమూ ఏదో ఒకనాటికి నా దగ్గరికి వచ్చేది. మా వైపు గుడిలో సాయంత్రం హారతి అయ్యాక శ్రీకాంత్ అనే అబ్బాయి పార్కింగ్‌లో ఆపాడు. మా పక్క ఊరు నేపర్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురికి పుట్టినరోజుకి టెలిస్కోప్ కొన్నాడు. కారు వెనక డిక్కీలోనే ఉంది. ఇంకా వెలుతురు పోలేదు, సగం చంద్రుడు పైకి వచ్చి ఉన్నాడు.

"రివ్యూస్ అన్నీ చదివే తీసుకున్నానండీ. బాక్స్ మీద ఎన్ని వందల రెట్లో రాశాడు. చూస్తే బూడిదలా ఉంది. రిటర్న్ చేసేద్దామా?"

చూశాను. డబ్బాలో వచ్చిన ఐపీసుల్లో అన్నిటికన్నా బలమైనది పెట్టి, దానికి తోడు రెట్లు పెంచే మరో లెన్స్ కూడా తగిలించాడు. ముందు లెన్స్ చూస్తే అరచేతిలో సగం లేదు. బుడగని పగిలేదాకా ఊదాడన్నమాట. రెండూ తీసేసి, అన్నిటికన్నా బలహీనమైన ఐపీస్ పెట్టి, చంద్రుడి వైపు తిప్పాను.

వాళ్ళమ్మాయి కన్ను ఆనించి, "ఓహ్ మై గాడ్, హోల్స్ ఉన్నాయి!" అంది. తర్వాత తల వంకరగా పెట్టి, "ఆంటీ, బట్ మూన్ ఎందుకు అప్‌సైడ్ డౌన్ ఉంది?" అని అడిగింది.

"ముందు లెన్స్ బొమ్మని తలకిందులుగా నిలబెడుతుంది. వెనక లెన్స్ దాన్ని అలాగే చూపిస్తుంది, తిప్పదు" అన్నాను.

"దట్స్ సో వియర్డ్" అని మళ్ళీ చూడటంలో పడిపోయింది.

శ్రీకాంత్ ఇంకో మాట అడిగాడు. "ఇందాక పెద్ద పవర్ పెట్టినప్పుడు ఏవో దారాల్లాంటివి తేలుతూ కనిపించాయండీ. లెన్స్ లోపల ఫంగసా?"

కాదు. అవి అతని కంట్లోవే. ఇది కాస్త నిదానంగా చదవండి, ముందు జరగబోయేదంతా దీనిమీదే ఉంది. ఐపీస్ వెనక ఒక తెల్లకాగితం పట్టుకుని మెల్లగా దూరం జరిపితే, ఒకచోట చిన్న వెలుగు చుక్క గుండ్రంగా పడుతుంది. పరికరం పోగుచేసిన వెలుగంతా ఆ చుక్కలోంచే మన కంట్లోకి వెళుతుంది. రెట్లు పెంచిన కొద్దీ ఆ చుక్క చిన్నదవుతుంది. మామూలుగా చూసేటప్పుడు వెలుగు కనుపాప మొత్తంలోంచి లోపలికి వస్తుంది కాబట్టి, కంట్లో ఎక్కడైనా నలుసంత మచ్చ ఉన్నా దాని పక్క నుంచి వచ్చే వెలుగు దాన్ని కప్పేస్తుంది. వెలుగంతా సూదిమొనంత సందులోంచి వచ్చేటప్పుడు మాత్రం ఆ దారిలో ఉన్న ప్రతి మచ్చా నీడ వేస్తుంది. అప్పుడు మనం చంద్రుడితోపాటు మన కంటిని కూడా చూసుకుంటున్నాం.

శ్రీకాంత్‌కి ఇదంతా చెబితే, "అయితే రిటర్న్ అక్కర్లేదు కదా" అన్నాడు. అక్కర్లేదన్నాను.

డాక్టర్ సుబ్బారావు గారి మైక్రోస్కోప్

ఆర్కన్సాలో బెంటన్‌విల్ నుంచి కొంత దూరం వెళితే ఒక చిన్న ఊళ్ళో ఆసుపత్రి ఉంది. పేరు అనవసరం. అక్కడ పాథాలజీ విభాగానికి పెద్ద డాక్టర్ సుబ్బారావు గారు. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కని పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో చూసి, అది క్యాన్సరా కాదా అని చెప్పడం పాథాలజిస్టు పని. రోగి ఆయన్ని ఎప్పుడూ చూడడు. ఆయన రాసిన మాట ప్రకారమే తర్వాత జరిగేదంతా జరుగుతుంది.

సుబ్బారావు గారు ఆ పనిలో తలపండిన మనిషి. చుట్టుపక్కల సర్జన్లు ఆయన మాట మీద కత్తి పట్టేవాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడే, "మన తెలుగమ్మాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని రావడం ఇన్నాళ్ళకి చూశాను" అని సంతోషపడి, సర్వీస్ అయ్యాక ఇంటికి భోజనానికి రమ్మని పట్టుబట్టారు.

ఒక ఏడాది ఆయన దగ్గర నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. ఎక్కువ పవర్‌లో బొమ్మ మసగ్గా ఉంది, మధ్యలో ఏదో మచ్చలా అడ్డం వస్తోంది అని. వెళ్ళి లోపలంతా శుభ్రం చేసి, వెలుగు సరిచేసి వచ్చాను. నాకు చూడటానికి అద్దంలా ఉంది. కొన్ని వారాలకి మళ్ళీ ఫోన్. ఈసారి మా మేనేజర్ ఆ ఎక్కువ పవర్ లెన్సే మార్చేయమన్నాడు. మార్చాను. మళ్ళీ ఫోన్. అప్పటికి మేనేజర్‌కి ఉత్సాహం వచ్చింది. "ఆయనకి పాత మోడల్ నచ్చడం లేదు. కొత్తది చూపించు. ఆసుపత్రి కొంటుంది" అన్నాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆసుపత్రి పార్కింగ్‌లోనే మేఘన ఎదురొచ్చింది. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి. చదువంతా ముగించుకుని సుబ్బారావు గారి కింద జూనియర్ పాథాలజిస్టుగా ఆ మధ్యే చేరింది. నాకోసమే బయట నిలబడిందని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"ఆంటీ, ఒక్క నిమిషం. అంకుల్ మైక్రోస్కోప్‌లో నిజంగా ప్రాబ్లెమ్ ఉందా?"

"పోయినసారి చూసినప్పుడు ఏమీ లేదమ్మా. ఎందుకు?"

"ఒక స్టమక్ బయాప్సీ ఉంది. నాకు క్యాన్సర్ సెల్స్ కనిపిస్తుంది. చాలా తక్కువ, ఒక్కొక్కటి విడివిడిగా ఉన్నాయి. బట్ ఉన్నాయి. అంకుల్ చూసి, లేవు, ఓన్లీ ఇన్‌ఫ్లమేషన్, వాపే అన్నారు. బయట ఎక్స్‌పర్ట్‌కి పంపిద్దాం అన్నాను. ముందు మైక్రోస్కోప్ బాగవనీ, నేనే మళ్ళీ చూస్తాను అన్నారు. ఆ పేషెంట్ వెయిట్ చేస్తుంది, ఆంటీ."

"ఆయనతో గట్టిగా చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఆయన ఎంత ఎక్స్‌పీరియన్స్! నేను నిన్న వచ్చాను. రాత్రి ఇంటికి వెళ్ళి, నాదే తప్పేమో, లేనిది చూస్తున్నానేమో అనుకుంటున్నాను." కాస్త ఆగి, "మీరు మైక్రోస్కోప్ ఓకే అంటే అంకుల్‌కి కోపం వస్తుంది. ఓకే కాదు అంటే ఆ స్లైడ్ ఇంకా ఆగిపోతుంది" అంది.

అప్పుడు అర్థమైంది నేను ఏ స్థితిలో లోపలికి వెళుతున్నానో. ఆ రోజు నేను పరికరం గురించి ఏం చెప్పినా అది ఒక మనిషి గురించి చెప్పినట్టే అవుతుంది. మేనేజర్ చెప్పినట్టు కొత్తది అమ్మితే అందరికీ హాయి. కొత్త పరికరం అలవాటు కావాలి కదా అని ఆయన మరికొన్ని నెలలు సర్దుకుంటారు. ఆ నెలల్లో ఎన్ని స్లైడ్లు ఆ బల్ల మీది నుంచి వెళతాయో ఎవరికి తెలుసు!

లోపలికి వెళ్ళాను. సుబ్బారావు గారు కుర్చీ తిప్పి, "రామ్మా వసుంధరా. మళ్ళీ పిలిపించానని విసుక్కోకు" అన్నారు.

"అదేం లేదండీ. ఇవాళ నేనేమీ విప్పను. మీరు కూర్చుని చూడండి. నేను ఎదురుగా కూర్చుంటాను."

ఆయనది జోడు తలల మైక్రోస్కోప్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడ్‌ని ఒకేసారి చూడొచ్చు. ఆయన ఫోకస్ చేశారు. నా వైపు కణాల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి.

"చూశావా? మధ్యలో అలుక్కుపోయినట్టు లేదూ?" అన్నారు.

"నా వైపు లేదండీ."

"అయితే నా వైపు ఐపీసులో ఉందన్నమాట."

"చూద్దాం. ఐపీస్ మెల్లగా తిప్పండి. మచ్చ కూడా తిరుగుతోందా?"

తిప్పారు. "లేదు. అక్కడే ఉంది."

మచ్చ ఐపీస్‌తో తిరిగితే అది ఐపీస్‌లో ఉన్నట్టు. స్లైడ్ జరిపితే కదిలితే స్లైడ్‌లో ఉన్నట్టు. ముందు లెన్స్ మార్చితే పోతే ఆ లెన్స్‌లో ఉన్నట్టు. ఇది మా పనిలో ఓనమాలు. స్లైడ్ జరపమన్నాను. మచ్చ కదల్లేదు. ముందు లెన్స్ తీసి నా పెట్టెలోది బిగించాను. పోలేదు. చివరికి ఇద్దరం కుర్చీలు మార్చుకున్నాం. ఇప్పుడు ఆయన సీట్లో నేను, నా సీట్లో ఆయన. నాకు అక్కడా అద్దంలా ఉంది. ఆయన తల దించి చూశారు.

"ఉందాండీ?" అన్నాను.

"ఉంది." ఆయన తల ఎత్తారు. "నాతోపాటే వచ్చింది."

ఆయన ఎలా చూస్తున్నారో అంతసేపూ గమనిస్తూనే ఉన్నాను. కళ్ళు తిన్నగా ఆనించడం లేదు. తల కొద్దిగా పక్కకి వాల్చి, సందు వెతుక్కుంటున్నట్టు చూస్తున్నారు. తెల్లకాగితం ముక్క తీసి ఐపీస్ వెనక పట్టుకున్నాను. చిన్న వెలుగు చుక్క పడింది.

"డాక్టరు గారూ, వెలుగంతా ఈ చుక్కలోంచే మీ కంట్లోకి వెళుతుంది. చిన్న పవర్ పెడితే చుక్క ఇంత ఉంటుంది." లెన్స్ తిప్పి చూపించాను. "పెద్ద పవర్ పెడితే ఇంతే."

ఆయన ఆ చుక్క వైపు చాలాసేపు చూశారు. తర్వాత డాక్టరు మాట్లాడినట్టు, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు అన్నారు: "కంటి లెన్స్‌కి వెనకవైపు, సరిగ్గా నడిమధ్యన మబ్బు పట్టిందనుకో. బయట తిరుగుతుంటే కనుపాప విప్పుకుని ఉంటుంది, పక్కల నుంచి వెలుగు వస్తుంది. డ్రైవింగ్ టెస్ట్ పాసవుతాడు. చీకటి గదిలో బోర్డు మీద అక్షరాలు చదివిస్తే అన్నీ చదువుతాడు. మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంటే మాత్రం వెలుగంతా సరిగ్గా ఆ మబ్బులోంచే పోతుంది." ఆగి, "పోయినేడు ఐ డాక్టర్ చెప్పాడమ్మా. క్యాటరాక్ట్ మొదలైంది, ఇప్పుడే తొందరేం లేదు అన్నాడు. నేనూ సరే అనుకున్నాను" అన్నారు.

నేను కాగితం ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆయన లేచి తలుపు తీసి మేఘనని పిలిచారు. "ఆ స్టమక్ బయాప్సీ ఇవాళే బయటికి పంపించు. నా ఒపీనియన్ రాయకు. నీదే రాయి. ఇవాళ్టి నుంచి నేను సైన్ చేయడం లేదు."

"డాక్టర్ రావ్, మీరు..."

"మైక్రోస్కోప్ బాగానే ఉంది. నేను వేసిన అడ్డం తీసేస్తున్నాను, అంతే."

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి పెద్దలకి ఆయనే స్వయంగా చెప్పారు. అంతకుముందు కొన్ని నెలల్లో తాను ఒక్కడే చూసి సంతకం చేసిన స్లైడ్లన్నీ మళ్ళీ చదివించమని అడిగారు. అడగకపోతే ఎవరూ బలవంతపెట్టేవాళ్ళు కాదు, అంత గౌరవం ఉంది ఆయన మీద. నేను తిరుగు ప్రయాణంలో మేనేజర్‌కి ఫోన్ చేసి, పరికరంలో లోపం లేదు, కొత్తది అక్కర్లేదు అని చెప్పాను. అతను వేరే ఊరి సంగతి ఎత్తాడు.

మిగతాది మేఘన ఫోన్లలో తెలిసింది. బయటి ఎక్స్‌పర్ట్ మేఘన మాటే ఖాయం చేశాడు. ఆ రోగి ఒక స్కూల్ క్యాంటీన్‌లో పనిచేసే ఆవిడ. జబ్బు ఇంకా పైపొరలోనే ఉండగా ఆపరేషన్ చేశారు, కోలుకుంది. మళ్ళీ చదివించిన స్లైడ్లలో దాదాపు అన్నీ ఆయన రాసినట్టే ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం ఆయన లేదన్న క్యాన్సర్ ఉంది. ఆ రోగికి సర్జన్ ఆ మాట చెప్పేటప్పుడు సుబ్బారావు గారు కూడా గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. పాథాలజిస్టులు సాధారణంగా అలా వెళ్ళరు. "అది అక్కడే ఉంది. నేను చూడలేకపోయాను" అని రోగితో అన్నారట. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపించేది అదే. నేను పని చేసినంత కాలంలో ఎంతోమంది తెలివైనవాళ్ళని చూశాను. తెలివైనవాళ్ళు పరికరాన్ని అనుమానించడానికి ఎన్ని కారణాలైనా వెతకగలరు. తమ కంటిని అనుమానించడానికి మాత్రం ఇంకేదో కావాలి. అది చదువుతో రాదు.

రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాక, చాలా వారాలకి, మామూలు సర్వీసుకి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. పని అయ్యేసరికి ఆయన వచ్చారు. ఆసుపత్రి ఇంకా ఆయనకి సంతకం చేసే అనుమతి ఇవ్వలేదు. ఊరికే చూసి పోదామని వచ్చానన్నారు. కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిచేసుకుని, అక్కడున్న ఏదో స్లైడ్ పెట్టి, ఈసారి తల తిన్నగా ఆనించారు. ఫోకస్ మర అటోసారి ఇటోసారి తిప్పారు.

"ఫోకస్ సరిగ్గా లేదాండీ?" అన్నాను.

"ఫోకస్ కాదమ్మా. నీలం." తల ఎత్తకుండానే అన్నారు. "ఇంత నీలమా ఇది?"

క్యాటరాక్ట్ వచ్చిన కంటి లెన్స్ పసుపు పచ్చగా మారుతుంది. నీలాన్ని సగం తినేస్తుంది. అది మెల్లగా జరుగుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. స్లైడ్ల మీద కణాల కేంద్రకానికి వేసే రంగు నీలమే. ఆయన బతుకంతా ఆ నీలాన్ని చదవడమే. ఎన్నాళ్ళ నుంచి అది వెలిసిపోతూ వచ్చిందో ఆయనకే తెలియదు.

"మేఘనా, ఆ స్టమక్ స్లైడ్ ఇక్కడే ఉందా?" అని అడిగారు.

మేఘన నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి తెచ్చింది. తనే పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన తక్కువ పవర్‌లో మొత్తం ఒకసారి తిరిగి, తర్వాత ఎక్కువ పవర్‌కి మార్చి, మెల్లగా జరపసాగారు. ఒకచోట ఆగారు.

"ఇక్కడొకటి."

"అవును" అంది మేఘన.

మళ్ళీ జరిపారు. "ఇక్కడ. దీని పక్కన ఇంకోటి."

"అవును."

"ఇవి దాక్కోలేదే! నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాయి."

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. ఐపీసుల మీద నుంచి మొహం తీయలేదు. మేఘన మెల్లగా లేచింది, నేను పెట్టె మూశాను. ఇద్దరం బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, కాఫీకి వెళ్ళాం.